నెట్టుకు నత్తనడక యెందుకొచ్చింది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. చాలా యిళ్ళలో కంప్యూటర్లు విండోస్ 11కు మారినవి. మారిన మర్నాటినుంచి ఒకటే పాట: "నెట్టు నడవటం లేదు!" మా ఝరాసంగంలోనూ యిదే పాట. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదని లోకమంతా అంటే, మా కేతకీ సంగమేశ్వరుడికి అదే ప్రీతి. లోకరీతికి అడ్డం తిరిగిన వూరు మాది. ఈ ఒక్క విషయంలో మాత్రం లోకంతోపాటే మేమూ.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యీ గొడవ యెందుకంటారేమో. మా పక్కింటి అబ్బాయి హైదరాబాదు కంపెనీకి యింటినుంచే పనిచేస్తాడు. తండ్రి లేడు, తల్లికి మోకాళ్ళనొప్పులు. ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టం మార్చిన వారంలోనే మీటింగులు మాటిమాటికీ తెగిపోసాగినవి. "గిట్లయితే ఆఫీసుకే రమ్మంటున్నరు సార్" అన్నాడు. వాళ్ళమ్మ యేమీ అనలేదు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడింది. నెలకు మరికొంత డబ్బు పోసి పెద్ద ప్లాను తీసుకుందామని అబ్బాయి ఆలోచన. ఆగమన్నాను.

వేగం తగ్గిందనగానే రోగం బయటి తీగలోనా, రౌటరులోనా, కంప్యూటరులోనా అన్నది ముందు తేలాలి. దానికి పెద్ద విద్య అక్కరలేదు. ల్యాప్‌టాప్ పక్కనే ఫోను పెట్టి, అదే వైఫై మీద రెండింటిలోనూ స్పీడు టెస్టు చేయించాను. ప్లాను 100 ఎంబీపీఎస్. ఫోనులో 91 వచ్చింది, ల్యాప్‌టాప్‌లో 9! అంటే బయటి తీగకూ రౌటరుకూ దోషం లేదు. ప్లాను యెంత పెంచినా ఆ తొమ్మిది తొమ్మిదిగానే వుండేది. రౌటరునుంచి తీగ లాగి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే 93. ఇక మిగిలింది ల్యాప్‌టాప్ లోపలి వైఫై ఒక్కటే.

ఇక్కడొక మాట. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, మెగాబైట్లు కావు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద ప్లానులో సినిమా సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే మోసపోయామని కేకలు వేయనక్కరలేదు. అది నిండు వేగమే.

రౌటరుకు సాధారణంగా రెండు దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దారి గోడలు దాటి దూరం పోతుంది గాని బహు యిరుకు. పక్కిళ్ళ రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అక్కడే తోసుకుంటాయి. ఒకదానికొకటి అడ్డురాని వరుసలు మూడే: 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్ దారి దగ్గరికే గాని విశాలం. సిస్టం మారినప్పుడు వైఫై చిప్పును నడిపే డ్రైవరు కూడా మారి, ల్యాప్‌టాప్ 2.4లో చిక్కుకున్నది. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే 'నెట్‌వర్క్ బ్యాండ్' దగ్గర యిది కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ చేసినవారి సైటునుంచి ఆ మోడలు డ్రైవరు దింపి వేశాం. 5 మీదికి వచ్చింది. మళ్ళీ చూస్తే 84.

సిస్టం మారితే యిలా జరగటం కొత్తేమీ కాదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు, పాట వింటూ వుంటే నెట్‌వర్కు మందగిస్తున్నదని జనం గగ్గోలు పెట్టారు. నమ్మశక్యంగా లేదు గదా! మైక్రోసాఫ్టులోని మార్క్ రస్సినోవిచ్ ఆ ఆగస్టులోనే గుట్టు విప్పాడు. పాట తడబడకుండా వుండాలని, అది మోగినంతసేపూ సెకనుకు పదివేల ప్యాకెట్లకు మించి రాకుండా సిస్టమే కట్టడి చేస్తున్నది. ప్యాకెట్టుకు సుమారు 1500 బైట్లు. అంటే సెకనుకు 15 మెగాబైట్లు. వంద ఎంబీపీఎస్ యిళ్ళకు యీ కట్టడి తగలనే తగలదు. గిగాబిట్ వాళ్ళకే తగిలింది. పైగా నెట్‌వర్కు కార్డులు ఒకటికి మించితే కట్టడి మరీ బిగుసుకునే లోపం కూడా బయటపడింది.

మీ యింట్లోనూ యిదే బాధ అయితే, మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం ఓపిక పట్టండి. కొత్త సిస్టం తెరవెనక యేవేవో దింపుకుంటూ వుంటుంది. దింపుకున్న అప్‌డేట్లను యితర కంప్యూటర్లకు పంచే 'డెలివరీ ఆప్టిమైజేషన్' కూడా వొకటున్నది. దాన్ని అప్‌డేట్ సెట్టింగులలోనే ఆపవచ్చు. కొత్త డ్రైవరే బెడిసికొడితే డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్' వున్నది. 'నెట్‌వర్క్ రీసెట్' జోలికి మాత్రం అన్నిటికన్నా చివర పోవాలి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ తుడిచేస్తుంది. ముందుగా వాటిని కాగితం మీద రాసుకోండి. మా పక్కింట్లో పాస్‌వర్డు గోడ క్యాలెండరు మీద, పాలవాడి లెక్క కింద వున్నది.