చదవడం, రాయడం కష్టమవుతున్న పిల్లలకు భవిత కేంద్రం: రాయవరం మండల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన వివరాలు

మీ ఇంట్లో ఇలాంటి పిల్లాడు ఉన్నాడేమో చూడండి. చెప్పిన కథ పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. కొట్టుకు పంపిస్తే చిల్లర సరిగ్గా తెస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం 'ప'కి 'వ' అంటాడు, ఒత్తులు వదిలేస్తాడు, నిన్న చదివిన మాటే ఈరోజు కొత్తగా చూస్తాడు. బోర్డు మీదది దింపుకోవడానికి మిగతావాళ్లకంటే రెండింతల టైము పడుతుంది.

"మావాడు మొద్దండీ, చదువు అబ్బదు" అని మనం తేల్చేస్తాం. ఐదో తరగతిలో పడిన ఆ ముద్ర తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పిల్లాణ్ణి బడి మాన్పించి పనికి పంపిస్తుంది. అక్కడిదాకా రాకముందే ఏం చేయొచ్చో ఈ కాగితంలో ఉంది.

ఇది జబ్బా?

కాదు. మందులు, ఇంజెక్షన్లు ఉండవు. తెలివితేటలు బాగానే ఉండి, అక్షరాలతో మాత్రమే ఇబ్బంది పడటాన్ని అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో అయితే డిస్లెక్సియా, రాయడంలో డిస్‌గ్రాఫియా, లెక్కల్లో డిస్కాల్క్యులియా. ఒకే పిల్లకు రెండు కలిసి ఉండొచ్చు. పెంపకం లోపం వల్ల గానీ, బద్ధకం వల్ల గానీ వచ్చేది కాదు. కాబట్టి కొడితే పోదు.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. కళ్లజోడు పెడితే తీరిపోయే ఇబ్బంది కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది?

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది, అందులో అభ్యసన వైకల్యానికీ చోటిచ్చింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.

16వ సెక్షన్ ప్రకారం ఈ ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన పద్ధతిలో బోధించాల్సిన బాధ్యత బడిదే. ఇది సర్కారు బడికే కాదండీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. "మా దగ్గర కుదరదు, వేరే బడి చూసుకోండి" అంటే ఆ మాట చట్టం ముందు నిలవదు.

భవిత కేంద్రం ఏం చేస్తుంది?

సమగ్ర శిక్షా కింద మండల స్థాయిలో నడిచే కేంద్రాలివి. ఇక్కడ పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లను బడుల్లో ఐఈఆర్పీలు అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పడం వీళ్ల పని. ఫీజు లేదు. పిల్లాడు తన బడిలోనే కొనసాగుతూ ఇక్కడి సాయం పొందొచ్చు.

ఇలాంటి పిల్లలకు అక్షరాన్ని ఒక్క కంటితోనే కాకుండా చేత్తో, చెవితో కూడా నేర్పుతారు. ఇసుకలో వేలితో దిద్దించడం, మాటను చప్పుళ్లుగా విడగొట్టి చప్పట్లతో చెప్పించడం, గుణింతాలకు రంగులు వేయించడం. రోజూ కొంచెం కొంచెంగా జరగాల్సిన పని ఇది. నెల రోజుల్లో ఫలితం అడగొద్దు.

మండల విద్యా వనరుల కేంద్రానికి (ఎమ్మార్సీ) వెళ్లి ఎంఈఓ గారిని గానీ, ఐఈఆర్పీని గానీ కలవండి. పిల్లల నోటు పుస్తకాలు రెండు మూడు పట్టుకెళ్లండి. మీరు చెప్పలేనిది ఆ పుస్తకాలు చెప్తాయి.

సర్టిఫికెట్ ఎలా?

ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఇస్తారు. అంతకంటే చిన్నపిల్లలైతే సర్టిఫికెట్ కోసం ఆగకుండా నేర్పడం మొదలుపెట్టేయాలి. 2021 జూన్ 1 నుంచి ధ్రువపత్రాలన్నీ యూడీఐడీ పోర్టల్ ద్వారానే. ఆధార్, ఫొటో, చిరునామా రుజువు సిద్ధం చేసుకుని గ్రామ సచివాలయంలో సాయం అడగండి. పిల్లల డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు పరీక్షించి తేలుస్తారు. వయసు పెరిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది, పాత కాగితాలు పారేయకండి.

దానివల్ల లాభం?

- వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు.
- పరీక్షలో రాయడానికి సహాయకుడు (స్క్రైబ్), గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం.
- రెండో, మూడో భాష నుంచి మినహాయింపు కోరే వీలు.
- ప్రభుత్వ బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల ఆడపిల్లలకు సమగ్ర శిక్షా కింద నెలకు రూ.200 స్టైపెండ్, ఏడాదికి 10 నెలలు.

40 శాతం రాలేదని నిరాశపడొద్దు. రాయడంలో నిజంగా ఇబ్బంది ఉంటే శాతంతో పనిలేకుండా స్క్రైబ్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో చెప్పింది. దానిపై కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరు ధ్రువీకరణ మాత్రం కావాలి. పదో తరగతి పిల్లలైతే హాల్ టికెట్ వచ్చేదాకా ఆగకండి, నామినల్ రోల్స్ పంపే సమయానికే హెడ్మాస్టారికి కాగితాలు అందించండి.

పింఛను వస్తుందా అని చాలామంది అడుగుతారు. దాని నిబంధనలు వేరు, సచివాలయంలో కనుక్కోండి. అలాగే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా అభ్యసన వైకల్యానికి వర్తించదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

మీరే ఒక కేంద్రం నడపాలనుకుంటే

చెన్నైలో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ 1991లో మొదలైంది, నేటికీ పిల్లలకు పాఠాలు, టీచర్లకు శిక్షణ ఇస్తోంది. మన దగ్గరా రిటైరైన మాస్టార్లు, చదువుకున్న అమ్మలు కలిస్తే సాయంత్రం గంట చాలు మొదలుపెట్టడానికి. పద్ధతి ఐఈఆర్పీ దగ్గర నేర్చుకోండి. సంస్థగా పెట్టాలంటే 2016 చట్టం 50వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్పెషల్ టీచర్లకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉండాలి. "నయం చేసేస్తాం" అని బోర్డు పెట్టకండి, అది అబద్ధం.

ఈ వారం చేయాల్సింది

ఇంట్లో 'మొద్దు' అనే మాట ఆపేయండి. పాఠం మీరు చదివి వినిపించండి, జవాబు నోటితో చెప్పించండి. సోమవారం నోటు పుస్తకాలు పట్టుకుని ఎమ్మార్సీకి వెళ్లండి.

ఈ పీడీఎఫ్ మీ ఊరి గ్రూపుల్లో పెట్టండి. ఫోన్‌లో చదవలేని అమ్మానాన్నలుంటే మీరే చదివి వినిపించండి. వాళ్లలో కొందరికి చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉండి ఉండొచ్చు, అప్పట్లో ఎవరూ గుర్తించలేదు.