మీకు తెలుసా? చేత్తో నొక్కే ఎస్ప్రెసో
ఎస్ప్రెసో మీద తేలే బంగారు రంగు నురగ, అదే క్రెమా, మోటారు పుణ్యం కాదు. మిలాన్‌వాసి అకిలే గాజియా 1940ల్లో తెచ్చిన లీవర్ (మీట) యంత్రంతోనే అది కప్పులోకి వచ్చింది.

ఇంట్లో వాడే బాయిలర్ లేని లీవర్ యంత్రాలకు అసలు శత్రువు చల్లటి లోహం. మరిగే నీళ్లతో ముందే వేడెక్కించకపోతే కాఫీ పుల్లగా దిగుతుంది. పొడిలో ఉండలుంటే నీరు సందు చూసుకుని ఒక పక్క నుంచే జారిపోతుంది. సన్నని సూదుల పరికరంతో అడుగుదాకా కలిపి, సమంగా అదమండి. ఆ పరికరం కొనాలనేం లేదు, బెండు బిరడాకు నాలుగు సూదులు గుచ్చినా సరిపోతుంది. డబ్బు పెట్టాల్సింది మంచి గ్రైండర్ మీద, చిన్న త్రాసు మీద. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, సుమారు అరనిమిషంలో. అక్కడ మొదలుపెట్టి మీ నాలుకను బట్టి మార్చుకోండి.