చేపలో సగం చెత్తకుప్పకేనా?

పల్నాడు జిల్లా ముప్పాళ్ళ ప్రాంతం నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టులోనిది. మిరప, పత్తి ఇక్కడి ముఖ్యమైన వాణిజ్య పంటలు. కాలువ నీరు నిలిచే చెరువుల్లోను, సేద్యపు కుంటల్లోను చేపలను పెంచితే అదే నీటి నుండి మరొక రాబడి లభిస్తుంది. అయితే కార్పు జాతి చేపను కోసి శుభ్రపరచినపుడు తలతో కలిపి దాదాపు 40 నుండి 50 శాతం బరువు మాంసం నుండి వేరవుతుంది. తల పులుసుకు పనికివచ్చినా పొలుసులు, రెక్కలు, మొప్పలు, పేగులు కుప్పకే చేరుతున్నాయి. రైతు పెట్టిన మేత ఖర్చులో వాటి వాటా కూడా ఉందన్నది గమనార్హం.

మిశ్రమ పెంపకంలో బొచ్చె పైపొరలోను, శీలావతి మధ్య పొరలోను, ఎర్రమోసు అడుగునను ఆహారం తీసుకుంటాయి. నీటిలో ఏ పొరా వృథా కాకూడదన్నదే దీని సూత్రం. పట్టుబడి తరువాత కూడా ఇదే సూత్రం వర్తించాలి.

పారవేసే భాగం విలువకు చరిత్రలోనే నిదర్శనం ఉంది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ అలికున్హి కార్పు చేపలలో ప్రేరిత ప్రజననాన్ని సాధించారు. అందుకు తోడ్పడినది చేప తలలోని పీయూష గ్రంథి నుండి తీసిన ద్రావణమే. ఆ రోజునే జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

గ్రామస్థాయిలో రెండు పద్ధతులు అనుసరణీయం. తాజా వ్యర్థాలను ముక్కలు చేసి, సమాన బరువు బెల్లంతో కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో మూతపెట్టి 3 నుండి 4 వారాలు నీడలో పులియబెట్టాలి. వడకట్టిన ద్రావణాన్ని లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున కలిపి, ముందుగా కొద్ది మొక్కలపై పరీక్షించి, మిరపపై పిచికారీ చేయవచ్చు. ఇది ఎరువులకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. రెండవది సైలేజి. మెత్తగా చేసిన వ్యర్థాలకు సుమారు 3.5 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపి, ఉదజని సూచిక 4 కంటే తక్కువగా ఉండేట్లు చూస్తూ రోజూ కలియబెడితే, కొద్ది రోజుల్లో కోళ్ల దాణాలో పరిమితంగా వాడదగిన ద్రవం తయారవుతుంది. ఆమ్లాన్ని వాడేటపుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

పూర్తి వినియోగమంటే అన్నిటినీ తినడం కాదు. పిత్తాశయాన్ని ఔషధమని నమ్మి మింగితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. వ్యర్థాలను చెరువులోకి విసిరినా అవి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చివరకు నష్టపోయేది రైతే. పట్టుబడి రోజుకు ముందే డ్రమ్ము, బెల్లం సిద్ధంగా ఉంచుకుంటే నేటి వ్యర్థం రేపటి మిరప చేనుకు పోషకమవుతుంది.