కిండర్‌గార్టెన్‌కు ముందే ఒక సంక్రాంతి

అమెరికాలో చిన్నపిల్లలున్న తెలుగు ఇంట్లో ఇండియా ప్రయాణం మాట వస్తే ముందు టికెట్ ధర చూస్తారు. తర్వాత సెలవులు ఎన్ని మిగిలాయో లెక్కేస్తారు. పిల్లల వయసు ఆఖర్న గుర్తొస్తుంది. ఈ వరస తిరగేసి చూస్తే చాలా చిక్కులు ముందే తేలిపోతాయి. టికెట్ ఎంతవుతుంది, ఏ టీకా వేయించాలి, ఏ కాగితం కావాలి, ఊరెళ్తే ఇంట్లో ఎవరుంటారు అన్నవన్నీ బిడ్డ వయసును బట్టే మారతాయి. ఐదేళ్ళు నిండి కిండర్‌గార్టెన్‌లో చేరేదాకా ఏ నెలలో వెళ్ళాలన్నది మన ఇష్టం. ఆ తర్వాత పదమూడేళ్ళపాటు అది బడి ఇష్టం. ఉద్యోగాలు చేసుకుంటూ పసిపిల్లల్ని పెంచుతున్న దంపతులు ముందుగా పట్టించుకోవలసిన సంగతి ఇదే.

మొదటి ఏడాది: ఇంటి నిండా మనుషులు

అమెరికాలో జీతంతో కూడిన ప్రసవ సెలవు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం ప్రైవేటు ఉద్యోగులకు లేదు. 1993లో వచ్చిన ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం పన్నెండు వారాల సెలవు ఇస్తుంది కానీ జీతం ఇవ్వదు. అదైనా యాభై మందికి తగ్గని కంపెనీలో ఏడాదిపాటు, 1,250 గంటలకు తగ్గకుండా పనిచేసినవాళ్ళకే. కాలిఫోర్నియా 2004 నుంచి, న్యూజెర్సీ 2009 నుంచి కొంత జీతం అందే ఏర్పాటు చేశాయి. టెక్సస్‌లో అలాంటిది లేదు. ఇండియాలో 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించాక ఇరవై ఆరు వారాలు ఇస్తున్నారని అక్కడి వదినలూ మరదళ్ళూ చెబుతుంటే ఇక్కడివాళ్ళకు కడుపు మండడంలో వింత లేదు.

అందుకే మన ఇళ్ళల్లో ఒక పద్ధతి స్థిరపడింది. కాన్పుకు అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఆరు నెలలు ఉంటారు. వాళ్ళు విమానం ఎక్కే సమయానికి నాన్నమ్మ వాళ్ళు దిగుతారు. ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవు తండ్రికీ వర్తిస్తుంది. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. తల్లి సెలవు, తండ్రి సెలవు, పెద్దల రాకపోకలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పేర్చుకుంటే మొదటి ఏడాది డేకేర్ అవసరం లేకుండా గడిచిపోతుంది.

ఇందులో పెద్దవాళ్ళు పొరబడేది తేదీ దగ్గర. పాస్‌పోర్టులో అంటించిన బీ2 సందర్శక వీసా పదేళ్ళది కావచ్చు. ఎన్ని రోజులు ఉండవచ్చో చెప్పేది మాత్రం దిగిన రోజున నమోదయ్యే ఐ-94. సాధారణంగా అది ఆరు నెలలు ఉంటుంది. ఇంకా ఉండాలంటే ఆ గడువు తీరకముందే ఐ-539 దరఖాస్తు వేయాలి. సందర్శకుల ఆరోగ్య బీమాల్లో ఎక్కువ భాగం పాత జబ్బులకు వర్తించవు. బీపీ, షుగరు మాత్రలు ప్రిస్క్రిప్షన్‌తో సహా సరిపడా తెచ్చుకోమని ముందే చెప్పాలి.

కాగితాలు వరసగా రావాలి

అమెరికాలో పుట్టిన బిడ్డను ఇండియా తీసుకెళ్ళడానికి మూడు మెట్లున్నాయి. ముందు జనన ధృవపత్రం, తర్వాత అమెరికా పాస్‌పోర్టు, ఆ తర్వాత భారత ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డు లేదా వీసా. ఒకటి చేతికొస్తే గానీ రెండోది మొదలుకాదు. పదహారేళ్ళలోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు. డీఎస్-11 దరఖాస్తుకు తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో స్వయంగా వెళ్ళాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన డీఎస్-3053 పత్రం ఉండాలి.

ఓసీఐ పథకం మొదలైంది మన హైదరాబాదులోనే. 2006 జనవరిలో అక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. తల్లిదండ్రులు ఇంకా భారత పౌరులే అయినా, ఇక్కడ పుట్టిన పిల్లలకు ఓసీఐ తీసుకోవచ్చు. ఇరవై ఏళ్ళలోపు పిల్లలకు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కార్డు మార్పించుకోవాల్సిన పని 2021 నుంచి లేదు. కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే సరిపోతుంది. ఇరవై దాటాక తీసుకునే పాస్‌పోర్టుతో మాత్రం ఒకసారి కార్డు మార్చుకోవాలి.

మన పేర్లతో వచ్చే తంటా వేరే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అదే పేరు ఆసుపత్రి ఫారంలోకీ, బిడ్డ జనన ధృవపత్రంలోకీ పాకితే ఓసీఐ దరఖాస్తు దగ్గర చిక్కు. ఆసుపత్రిలో ఆ ఫారం నింపేటప్పుడే తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉన్నాయో లేదో చూసుకోవాలి. తల్లి ఒక్కతే బిడ్డతో ప్రయాణిస్తుంటే తండ్రి సమ్మతి పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోవడం మేలు.

విమానంలో రెండేళ్ళ గీత

రెండేళ్ళు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుంటే అంతర్జాతీయ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో పది శాతం, పన్నులు కడితే చాలు. రెండో పుట్టినరోజు ఊళ్ళో జరిగితే మాత్రం తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. టికెట్ కొనే రోజునే ఇది చూసుకోవాలి. బాసినెట్ ఉండే ముందువరస సీట్లు కొన్నే ఉంటాయి. టికెట్ చేతికి రాగానే ఫోన్ చేసి అడగాలి. బరువు పరిమితి ఒక్కో విమాన సంస్థకు ఒక్కోలా ఉంటుంది. కుదుపులు వచ్చినప్పుడు నిద్రపోతున్న బిడ్డనైనా ఎత్తుకోమంటారు.

పాలపొడి కలిపిన పాలు, తల్లిపాలు, పసిపిల్లల ఆహారం అమెరికా విమానాశ్రయాల్లో వంద మిల్లీలీటర్ల నిబంధన కిందికి రావు. తనిఖీ దగ్గర విడిగా తీసి చూపించాలి. విమానం దిగేటప్పుడు చెవులు నొప్పిపుట్టి పిల్లలు ఏడుస్తారు. ఆ సమయానికి పాలో, నీళ్ళో, పాలపీకో నోట్లో ఉంటే మింగుతూ సర్దుకుంటారు.

కారుసీటు విషయంలో మనవాళ్ళు చూసీచూడనట్టు పోతారు. శంషాబాద్‌లో దిగాక విజయవాడకో, గుంటూరుకో ఇంకో నాలుగైదు గంటల కారు ప్రయాణం ఉంటుంది. అద్దె కార్లలో పిల్లల సీటు దొరకడం అరుదు. ఇక్కడ ఇంటి నుంచి డేకేర్‌కు రెండు మైళ్ళకు బెల్టు బిగించే తల్లిదండ్రులు అక్కడ హైవే మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చాలా విమాన సంస్థలు కారుసీటును ఉచితంగానే లగేజీలో తీసుకుంటాయి.

టీకాలు, కడుపు

ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు పిల్లల డాక్టరును కలవాలి. మామూలుగా ఏడాది నిండాక వేసే ఎంఎంఆర్ టీకాను విదేశీ ప్రయాణం ఉంటే ఆరో నెల నిండిన బిడ్డకే ఒక డోసు వేయమని అమెరికా సీడీసీ చెబుతుంది. ఆ డోసు లెక్కలోకి రాదు. ఏడాది తర్వాత మళ్ళీ రెండు డోసులూ వేయించాలి. హెపటైటిస్-ఏ కూడా అంతే. టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండేళ్ళు నిండాకే.

ఊళ్ళో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే మొదటి మందు. అయితే మందుల షాపుల్లో ఆ పేరుతో చక్కెర పానీయాలు ఏళ్ళ తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఒక లీటరుకు సరిపోయే ప్యాకెట్టును గ్లాసుడు నీళ్ళలో కలపకండి.

రెండు క్యాలెండర్లు కలవని చోటు

పిల్లలు బడిలో చేరాక అసలు చిక్కు మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. న్యూజెర్సీ బడులు మూసేసరికి జూన్ మూడో వారం దాటుతుంది. అక్కడి పిల్లలు అమ్మమ్మ ఊరు చేరేసరికి మేనమామ పిల్లలు యూనిఫాం వేసుకుని బడిబస్సు ఎక్కుతుంటారు. టెక్సస్ బడులు మే నెలాఖరుకు మూస్తారు కాబట్టి ఓ రెండు వారాలు కలిసొస్తాయి. ఆ రెండు వారాలూ సరిగ్గా రోహిణి కార్తె. జూలై, ఆగస్టుల్లో వెళ్తే వానలు, దోమలు, డెంగీ భయం.

పండుగల సంగతీ అంతే. దసరా సెలవుల్లో ఇక్కడ బడులు జోరుగా నడుస్తుంటాయి. క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే, అక్కడ చాలా బడులకు సెలవు రెండు మూడు రోజులకు మించదు. సంక్రాంతి సెలవులు జనవరి 10 ప్రాంతంలో మొదలయ్యే సరికి ఇక్కడి బడులు తెరిచి వారం అవుతుంది. బడి మానిపించి తీసుకెళ్దామంటే హాజరు నియమాలున్నాయి. టెక్సస్‌లో తరగతి లెక్కలోకి రావాలంటే తొంభై శాతం హాజరు ఉండాలి. కొన్ని బడి జిల్లాల్లో వరసగా రెండు వారాలు రాకపోతే పేరు తీసేస్తారు.

అంటే కిండర్‌గార్టెన్‌లో చేరిన బిడ్డ మళ్ళీ నిశ్చింతగా సంక్రాంతికి ఊళ్ళో ఉండేది హైస్కూలు దాటాకే. చేరకముందు మాత్రం అడ్డేమీ లేదు. పైగా అన్నీ కలిసొస్తాయి. క్రిస్మస్‌కు ముందు ఆకాశాన్నంటే టికెట్ ధరలు కొత్త సంవత్సరం వచ్చాక దిగుతాయి. ఎండ నెత్తిన పడదు. పల్లెల్లో బంధువులంతా ఒకేచోట దొరుకుతారు కాబట్టి పసివాణ్ణి చంకనేసుకుని పది ఊళ్ళు తిరగక్కర్లేదు. మార్టిన్ లూథర్ కింగ్ దినం జనవరి మూడో సోమవారం వస్తుంది. అది పండుగ తర్వాత పడిన ఏడు, ఆ రోజు సెలవిచ్చే కంపెనీలో ఉన్నవాళ్ళకు పది రోజుల సెలవు ఖర్చుతో వారాంతాలు కలిసి పదిహేడు రోజుల ప్రయాణం కుదురుతుంది. డిసెంబరు నెలాఖరునే బయలుదేరేవాళ్ళు మురిగిపోయే పాత ఏడాది సెలవుల్ని కూడా వాడేసుకోవచ్చు. డేకేర్ మాత్రం మనం లేని వారాలకూ ఫీజు అడుగుతుంది. దాన్ని ప్రయాణ ఖర్చులో ముందే వేసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద, ముఖ్యంగా చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వద్ద, కార్లు బారులు తీరతాయి. పసిపిల్లలున్నవాళ్ళు పండుగకు నాలుగైదు రోజుల ముందే ఊరు చేరడం మంచిది. పిల్లల నిద్ర సర్దుకోవడానికీ ఆ వ్యవధి కావాలి.

అక్కడి నుంచి ఆఫీసు పని

కొందరు సెలవు మిగుల్చుకుందామని ఒక వారం ఊరి నుంచే పనిచేస్తామంటారు. కంపెనీ అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు. డేటా భద్రత, పన్నుల కారణంగా చాలా కంపెనీలు లాప్‌టాప్‌ను దేశం దాటనివ్వవు. అనుమతి ఉన్నా గంటలు చూసుకోవాలి. జనవరిలో న్యూయార్క్ ఉదయం తొమ్మిదంటే ఊళ్ళో రాత్రి ఏడున్నర, సాయంత్రం ఐదంటే తెల్లవారుజామున మూడున్నర. డాలస్ వాళ్ళకు ఇంకో గంట ఆలస్యం. మొదటి వారం పిల్లలు అర్ధరాత్రి రెండింటికి లేచి ఆడుకుంటారు. ఆ వారం పని పెట్టుకుంటే తల్లిదండ్రులకు నిద్ర పగలూ ఉండదు, రాత్రీ ఉండదు. తప్పనిసరైతే ఆ పనివారాన్ని ప్రయాణం చివర్లో పెట్టుకోవాలి. అప్పటికి పిల్లలు అమ్మమ్మ చేతిముద్దకు అలవాటుపడి ఉంటారు.

ఊళ్ళో గడిపే రోజులు

బ్యాంకు, ఆధార్, పొలం పాస్‌బుక్కు, పళ్ళ డాక్టరు అన్నీ ఒకే ప్రయాణంలో ముగించాలని చూస్తే పిల్లలకు మిగిలేది కారు వెనకసీటే. అమ్మమ్మ ఊరు, నాన్నమ్మ ఊరు రెండే మజిలీలు పెట్టుకుని, మిగతావాళ్ళను అక్కడికే రమ్మనడం నయం. చుట్టాలు నొచ్చుకుంటారనుకుంటాం గానీ పసిబిడ్డ సాకు చెబితే మనవైపు ఎవరూ తప్పుపట్టరు. అన్నప్రాసన ఆరో నెలలో, పుట్టువెంట్రుకలు ఏడాదిలోపో మూడో ఏటో చేయించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ముహూర్తాలనూ ఈ ప్రయాణాల్లోనే ఇముడ్చుకోవచ్చు. తిరుమలలో ఏడాదిలోపు శిశువు ఉన్న తల్లిదండ్రులకు సుపథం అనే మార్గం ద్వారా దర్శనానికి ప్రవేశం ఉంది. బిడ్డ జనన ధృవపత్రం వెంట ఉండాలి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకు ఈ ప్రయాణం వల్ల కలిగే మేలు మాటల్లో కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలు, తమ ఈడు పిల్లలతో ఆడుకోవాలంటే తెలుగే దిక్కయినప్పుడు మాట్లాడతారు. వారాంతపు తెలుగు బడికి ఇంతకు మించిన పునాది లేదు.

ఇక్కడి మన తెలుగు సంఘాలు చేయగలిగిన సాయమూ ఉంది. ఏటా సెప్టెంబరులో, మరుసటి ఏడాది స్థానిక బడి సెలవులు, రెండు తెలుగు రాష్ట్రాల బడి సెలవులు, పండుగ తేదీలు పక్కపక్కన వేసి ఒక కాగితం సభ్యులకు పంపితే చాలు. కొత్తగా తల్లిదండ్రులైనవారికి పాస్‌పోర్టు, ఓసీఐ ఫారాలు నింపడంలో అనుభవమున్నవాళ్ళు ఒక శనివారం కూర్చుని సాయపడవచ్చు. మీ ఇంట్లో మూడేళ్ళ బిడ్డ ఉంటే మీకు మిగిలినవి ఒకటో రెండో సంక్రాంతులు. వచ్చే జనవరికి సెలవు దరఖాస్తు ఈ వారమే పెట్టండి.