తెరమీఁది చదరంగము

చతురంగ మనఁగా నాలుగంగములు గల సేన. రథగజతురగపదాతుల కూటమికిఁ జెల్లిన యీ సంస్కృతశబ్దమే యొక యాటకుఁ బేరై, తెనుఁగున చదరంగముగా మాఱినది. రాజు, మంత్రి, ఏనుఁగు, గుఱ్ఱము, శకటు, బంటు అని మనవారు పావులకుఁ బెట్టిన పేరులలో నాఁటి సేన యిప్పటికిని నిలిచియున్నది. ఎత్తు వేయుట, ఎత్తునకుఁ బైయెత్తు, పావులు కదపుట, ఆట కట్టుట అను పలుకుబళ్లు ఆటలో నెంతగాఁ జెల్లుచున్నవో లోకవ్యవహారమున నంతకంటె నెక్కుడుగాఁ జెల్లుచున్నవి. ఆట నెన్నఁడు నాడని వాఁడును వార్తాపత్రికలో “రాజకీయచదరంగము” అని చదివినంతనే కుట్ర యని గ్రహించును.

ఈ గ్రహణము సరియైనదా యనునదియే యీ వ్యాసమున విచార్యము. నాటకము, చలనచిత్రము, టెలివిజను అను జనరంజకసాధనములు చదరంగమును రెండు విధములుగఁ జూపుచున్నవి. ఒకటి, అది కపటోపాయముల యాట యని. రెండవది, అది పుట్టుకతో వచ్చిన యద్భుతప్రతిభ గలవారి యాట యని. ఈ రెండును ఆటయొక్క స్వభావమునకు విరుద్ధములే. శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలోని పల్లెబాలురు పలువురు చదరంగపుబల్లను ముట్టకమునుపే దానిని తెరమీఁదఁ జూచుచున్నారు. కావున వారికి బోధించు పండితులకీ విషయము కేవలము వినోదము కాదు.

మొదట ఆట స్వభావమును జెప్పికొందము. అఱువదినాలుగు గళ్ల బల్లమీఁద ఇరుపక్షములవారికిని పదునాఱేసి పావులు. బలము సమానము. తెల్లపావుల వానికి మొదటియెత్తు దక్కుటయొక్కటియే భేదము. ఏ పావు ఎక్కడ నున్నదో ఇరువురకును నెల్లప్పుడుఁ గనఁబడుచుండును. దాఁచుకొనుటకుఁ జోటు లేదు. పాచిక లేదు, పంచిన ముక్క లేదు; కావున దైవమును నిందించుటకు వీలు లేదు. ఎదుటివాఁడు మనసులో నేమి తలఁచుచున్నాఁడో తెలియకపోవచ్చును గాని, వాఁడు చేయఁగలిగినదంతయు మనకన్నులయెదుటనే యుండును. ఓడినవాఁడు చూడలేక యోడును గాని చూపకపోవుటచే నోడఁడు.

పాచికలును పేకముక్కలును ఇందులకు వ్యతిరేకములు. మన రంగస్థలము వీనినే యెక్కువగా నాదరించుటకుఁ గారణ మిచ్చటనే యున్నది. ద్యూతఘట్టమున శకునిచేతి పాచిక దొర్లి నిలుచు క్షణమునఁ బ్రేక్షకుల యూపిరి నిలుచును. రాజ్య మొక్క విసరుతోఁ బోవును. విజయనగరమున 1892లోఁ బ్రథమప్రదర్శనము నొందిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో మధురవాణి, పోలిశెట్టి మొదలగువారు పేకాడు ఘట్టము గలదు. ఎవరి ముక్కలు వారికే తెలియు నా యాట, నోట నొకటియు మనసున నొకటియుఁ గల యా పాత్రలకుఁ జక్కఁగా నొప్పినది. ఆ ఘట్టమునఁ బేకకు మాఱుగాఁ జదరంగమును బెట్టినచో రసభంగమై యుండును. ఆడువారు నోరు మూసికొని బల్లను జూచుచుఁ గూర్చుందురు.

ఐనను మన పూర్వులు చదరంగమునకుఁ గావ్యలోకమునఁ జోటీయకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలతోఁ జదరంగమాడి గెలుచుచుండిన బొడ్డుచర్ల తిమ్మనను గూర్చిన చాటువు పండితులకుఁ బరిచితమే. రాయలు మెచ్చి యతనికిఁ గొప్పోలు గ్రామము నిచ్చెనని ప్రతీతి. ఎదుటిపక్షమున వందలమంది కూడి యాలోచన చెప్పినను తిమ్మన చలింపఁడని యా చాటువు ప్రశంస. ఇందుఁ గపటమన్నమాట లేదు. సభామధ్యమున, ఎల్లవారి కన్నులయెదుట, ప్రభువునైనను నిర్భయముగ నోడించు ధైర్యమే కొనియాడఁబడినది. ప్రభువునకు దఱిఁ దాఁకి నడుచుకొనుటయే నీతి యగు కొలువులో, మంత్రి ప్రభువును బల్లమీఁద గెలిచినను దోషము లేకుండుట యీ యాటకే చెల్లిన గౌరవము. చదరంగమును గూర్చిన సరియైన వర్ణనము మనకుఁ జాటుకవులకాలముననే యుండె ననుట కిది సాక్ష్యము.

చలనచిత్రకాలమున నీ యర్థము వెనుకఁబడి, కపటార్థము ముందునకు వచ్చినది. 1967లో ఎస్. వి. రంగారావుగారు తమ దర్శకత్వమునఁ దీసిన చిత్రమునకు “చదరంగం” అని పేరు. 2020లో శ్రీకాంత్ ముఖ్యపాత్రగా వెలువడిన రాజకీయధారావాహికకును అదే పేరు. ఆట పేరు మనుష్యుల నడుమ సాగు పోరునకుఁ బర్యాయపదమైనది. పేరు పెట్టుట తప్పు గాదు. రూపకము కవికిఁ గలిగిన హక్కు. కాని రూపకము నిలువవలెనన్న ఉపమానోపమేయములకు సామ్య ముండవలెను.

ఈ సామ్యమును మన ప్రాంతపుఁ గథతోనే పరీక్షింతము. 1757 జనవరి 24వ తేదిని జరిగిన బొబ్బిలి యుద్ధము జంగముల పాటగను, నాటకములుగను, 1964లోఁ జలనచిత్రముగను జనుల కందినది. కోట, రాజు, మంత్రాంగము, ముట్టడి అన్నియు నుండుటచే దీనినిఁ జదరంగముతోఁ బోల్చుట సులభముగాఁ దోఁచును. కాని రంగారాయని కోటకును, బుస్సీదొర ఫిరంగులు తోడుగా వచ్చిన పూసపాటి విజయరామరాజు సేనకును బలసామ్య మెక్కడిది? తాండ్ర పాపారాయఁడు రాజామున నుండెను. కోట పడిన పిదపఁగాని రాఁడయ్యెను. వచ్చి, శత్రుశిబిరము సొచ్చి, గుడారమున నున్న విజయరామరాజును జంపెను. చదరంగమున బల్లకు వెలుపలనుండి వచ్చు పావు లేదు. రాజు పడిన పిదప నాట లేదు. బొబ్బిలికథలోనో, రాజు పడిన పిదపనే ముఖ్యఘట్టము. ఇట్లు విడఁదీసి చూచినచో బొబ్బిలికథ చదరంగము గాదు. అసమబలము, అందని వార్త, ప్రతీకారము అనునవి దాని ప్రాణములు. చరిత్రను “చదరంగము” అనినతోడనే ఇరుపక్షములును సమానులై, ఓడినవాఁడు తెలివితక్కువచే నోడినట్లు ధ్వనించును. రూపకము చేయు నన్యాయ మిదియే.

రెండవ విధమునకు వత్తము. చదరంగమును జూపుట కష్టము. అందుచేతనే చూపువారు ప్రతిభను మహిమగా మార్చుచున్నారు. శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 110, 130, మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము నందెను. ఆ శ్రమ తెరమీఁద నెవరికైనఁ గనఁబడును: బిగిసిన కండరములు, వణఁకు చేతులు, నేలఁబడు నినుపకడ్డి. చదరంగమాడువాని శ్రమయో, అతని తలలోనే జరుగును. అరగంట కదలక కూర్చుండి యొక బంటును గడి ముందునకుఁ ద్రోయును. చూచువాని కేమి తెలియును? కావున దర్శకులు గడియారమును బలముగాఁ గొట్టించుట, పావులను వేగముగాఁ గదలించుట, చూపులు కలిపించుట మొదలగు నుపాయములను బట్టిరి.

2020 అక్టోబరులో వెలువడిన “ది క్వీన్స్ గాంబిట్” అను ఏడు భాగముల ధారావాహికలో, అనాథబాలిక బెత్ హార్మన్ మందుబిళ్లలు మ్రింగి పైకప్పుమీఁదఁ జదరంగపుబల్లను జూచును. లోనిది వెలికిఁ దెచ్చుటకిది చక్కని యుపాయమే. అందలి యాటలు నిపుణులు కూర్చినవి. గేరీ కాస్పరోవ్, బ్రూస్ పండోల్ఫినీ సలహాదారులు. కాని నేర్పు మందునుండి వచ్చినట్లు పసివారి మనసున నాటుకొనఁగూడదు.

తెనుఁగున 2021 ఫిబ్రవరి 26న విడుదలైన “చెక్” చిత్రమును చంద్రశేఖర్ యేలేటి తీసిరి. ఉగ్రవాదనేరముపై మరణశిక్ష పడిన ఆదిత్య యను ఖైదీ (నితిన్) చెఱసాలలో శ్రీమన్నారాయణ యను వృద్ధఖైదీవద్దఁ (సాయిచంద్) జదరంగము నేర్చును. ఆటకు గురువు కావలెనని చూపుట ఈ చిత్రమునకు గుణము. కొలఁదికాలములోనే శిష్యుఁడు గొప్ప యాటకాండ్ర నెదిరించుట దోషము. నిజమున కోనేరు హంపి బాల్యముననే తండ్రి అశోక్‌గారివద్ద నేర్చి, నిత్యసాధన చేసి, 2002లోఁ బదునైదవయేట గ్రాండ్‌మాస్టరైనది. చెన్నపట్టణపుఁ దెనుఁగుకుటుంబమునఁ బుట్టిన గుకేశ్ ఏడవయేట నాట నేర్చి, పదునెనిమిదవయేట 2024లోఁ బ్రపంచవిజేత యయ్యెను. నడుమ నున్న పదునొకండేండ్లును చిత్రమునఁ గనఁబడని సంవత్సరములు. ఉపాధ్యాయుఁడు శిష్యునకుఁ జెప్పవలసినవి యవియే.

ఈ మహిమావాదము ఒక్కొక్కప్పుడు నిజమైన మనుష్యులకును హాని చేయును. పైఁ జెప్పిన ధారావాహికలో, జార్జియాదేశీయురాలైన నోనా గాప్రిందాష్విలి పురుషులతో నెన్నఁడును దలపడలేదని యొక పాత్ర పలుకును. వాల్టర్ టెవిస్ 1983లో వ్రాసిన మూలనవలలో నిందులకు విరుద్ధముగ, ఆమె రష్యను గ్రాండ్‌మాస్టరులను బలుమాఱు లెదుర్కొన్నట్లే యున్నది. కథానాయిక యొక్కతెయే వింతగాఁ గనఁబడుటకై నిజమైన వీరవనిత చరిత్ర మార్పఁబడినది. 1968 నాఁటికే తాను కనీసము 59 మంది పురుషులతో నాడితినని చూపి యామె 2021లో వ్యాజ్యము వేసెను. 2022లో నుభయులును రాజీపడిరి. ఆమె 1978లో గ్రాండ్‌మాస్టరు బిరుదము నందిన ప్రథమవనిత. ఆ దారినే హంపి నడచి, మాతృత్వముకొఱకు విరామము పుచ్చుకొని, తిరిగి వచ్చి 2019లోను 2024లోను ప్రపంచ శీఘ్రచదరంగవిజేత్రి యయ్యెను. మన బాలికల కిట్టివారి నిజచరిత్రమే కథకంటె నెక్కుడు బలము నిచ్చును.

చదరంగమును జదరంగముగాఁ జూపుట యసాధ్యమా? కాదు. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన కథను సత్యజిత్ రాయ్ 1977లో “శత్రంజ్ కే ఖిలాడీ” అను చిత్రముగఁ దీసెను. 1856లో లక్నోరాజ్యము ఆంగ్లేయుల పాలగుచుండఁగా ఇద్దఱు జాగీర్దారులు ఆటలో మునిఁగియుందురు. రాయ్ యాటనియమములనే యర్థవంతములుగాఁ జేసెను. మన మంత్రి యున్నచోట ఆంగ్లేయుల యాటలో రాణి యుండుననియు, బంటు మొదటియెత్తున రెండు గళ్లు నడుచుననియు నొక పాత్ర వారికిఁ దెలుపును. కడపట వారా వేగపుటాటనే యాడఁదొడఁగుదురు. మంత్రి తొలఁగి రాణి వచ్చుటయే రాజ్యము మాఱుట. ఇచ్చట రూపకము ఆటలోనుండి పుట్టినదేకాని పైనుండి యతికించినది గాదు.

టెలివిజనునందును మార్గము లేకపోలేదు. 1970వ దశాబ్దమున బీబీసీ “ది మాస్టర్ గేమ్” అను కార్యక్రమమున, ఆటకాండ్రు తాము ప్రతియెత్తునకు ముందుఁ దలఁచిన తలఁపులను దమ నోటనే చెప్పునట్లు చేసి, బల్లబొమ్మతోఁ గూర్చి చూపెను. మౌనమునకు మాట వచ్చినది. 2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేశ్ డింగ్ లిరెన్‌పైఁ బదునాలుగవయాట గెలిచినపుడు, మన వార్తాప్రసారములు మాటిమాటికిఁ జూపినది గెలిచినవాని కన్నీరు. కన్నీరు నిజమే, దానికి కారణ మెక్కడ? నల్లపావులతో నాడిన గుకేశునకు ఒక బంటు మాత్ర మధికము. ఆట సమముగా ముగియునట్లు తోఁచుచుండెను. ఏఁబదియైదవయెత్తున డింగ్ తన యేనుఁగును మార్పిడికి వీలగు గడిలోనికిఁ దెచ్చెను. ఏనుఁగులు మారెను, మూలఁ జిక్కిన తెల్లశకటు వెంటనే మార్పిడికి లోఁబడెను, మిగిలిన రాజుబంట్లపోరులో నా యొక్క బంటే ప్రపంచాధిపత్యము నిచ్చెను. ఇది చెప్పుటకు రెండు నిమిషములు చాలును. చెప్పినచో బాలుఁడు కన్నీటినిఁ గాక కారణమును నేర్చును.

కాఁబట్టి పాఠశాలలలోని పండితుల కొక విన్నపము. “ఎత్తు”, “ఆటకట్టు” అను మాటలు పాఠమున వచ్చినపుడు అర్థము చెప్పి విడువక, బల్లను దెప్పించి యా మాట పుట్టినచోటును జూపుదురు గాక. పాచికకును బంటునకును గల భేదము తెలిసినవాఁడు ద్యూతపర్వమును మఱింత చక్కఁగఁ జదువును. బొబ్బిలికథలో నన్యాయ మెక్కడ నున్నదో తానే కనుఁగొనును. తెర యేమి చూపినను, అఱువదినాలుగు గళ్లమీఁద దాఁపరికము లేదని యొక్కమాఱు తన చేతితో నాడి తెలిసికొన్న బాలునకు, ఓటమికి దైవమును గాని యొరుల కపటమును గాని నిందింపక తన యెత్తును దాను వెదకికొను నలవాటు కలుగును. చదరంగమును విద్యగా నెన్నుటకు నీ యొక్క గుణమే చాలును.