ఎదుటి పక్షపు వకీలు అన్యాయముగా వర్తించినచో

విడాకుల వ్యాజ్యములో ఎదుటివారి వకీలు పరుషముగా వాదించినంత మాత్రమున అది అన్యాయము కాదు. ఆయన బాధ్యత తన కక్షిదారు ఎడలనే. అడ్డుప్రశ్నలు వేయుట, భరణము తగ్గింపుమని కోరుట ఆయన వృత్తిలోని పనులే. మనసు నొచ్చిన భార్యకు ఈ మాట రుచింపదు గాని, ఈ భేదము తెలియనిదే తరువాతి దారి కనబడదు.

మరి అన్యాయమెక్కడ ఆరంభమగును? పాలమూరు పల్లెనుండి దంపతులు కూలికై ముంబయి పోయినారనుకొందము. కొంతకాలమునకు భార్య నల్లగొండ వైపున్న పుట్టింటికి చేరినది. ఆ సంగతి ఎరిగియు భర్త పాత చిరునామా చూపి వ్యాజ్యము వేసినాడు. సమను ఆమెకు అందలేదు. ఏకపక్షముగా విడాకుల డిక్రీ అయినది. ఇట్టిచోట పలువురు ముందుగా వకీలుపై ఫిర్యాదునకు పరుగెత్తుదురు. ఫిర్యాదువలన వకీలునకు శిక్ష పడవచ్చును గాని డిక్రీ చెరగదు. దానిని రద్దు చేయుమని, డిక్రీ ఇచ్చిన న్యాయస్థానముననే సివిల్ ప్రొసీజరు కోడు 9వ ఆర్డరు 13వ రూలు క్రింద అర్జీ పెట్టవలెను. గడువు 30 దినములు. సమను సక్రమముగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిననాటి నుండి లెక్కింతురు. ఆ తేదీని, తెలిపినవారి పేరును వెంటనే వ్రాసి పెట్టుకొనవలెను.

సంతకముల సంగతి మరియొకటి. పరస్పర అంగీకారమని చెప్పి, భర్త తరఫున సిద్ధపరచిన కాగితములపై భార్యచేత సంతకము చేయించుట కలదు. హిమాచల్ ప్రదేశ్‌లోని హమీర్‌పూర్ నుండి ఇట్టి వివాదమొకటి సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. బెదిరించి తనచేత వాఙ్మూలము ఇప్పించిరనియు, బంధువులను కలిసికొననీయలేదనియు ఆ భార్య వాదము. హిందూ వివాహ చట్టము క్రింద ఇట్టి అర్జీలో డిక్రీ వెలువడులోపల ఒక్కరైనను అంగీకారమును ఉపసంహరించుకొనవచ్చునని 1991లో ఆ కోర్టు తేల్చినది. డిక్రీనాటి వరకు ఇరువురి అంగీకారము నిలిచియుండవలెనని 2009లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమును చెప్పినది. సంతకమైనది గనుక పని ముగిసినదని ఊరి పెద్దమనుషులు చెప్పినను నమ్మనక్కరలేదు.

ఇక వకీలుపై చర్య. భార్యకు వేరుగా వకీలున్నప్పుడు, ఆయన ద్వారా తప్ప ఆమెతో నేరుగా బేరములాడరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమము. మునుపు ఆమె పక్షమున పనిచేసిన వకీలు అదే వ్యవహారములో భర్త తరఫున నిలువరాదు. అట్లు నిలిచినచో ముందుగా విచారించు న్యాయస్థానముననే అభ్యంతరము తెలుపవలెను. తరువాత 1961 నాటి న్యాయవాదుల చట్టము 35వ సెక్షను క్రింద, హైదరాబాదులోని తెలంగాణ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపవచ్చును. నేరము రుజువైనచో మందలింపు, కొంతకాలము వృత్తినుండి నిలుపుదల, పట్టీనుండి పేరు తొలగింపు, వీనిలో ఏదైనను విధింతురు. తేదీలు, కాగితముల నకళ్ళు లేని ఫిర్యాదు నిలుచుట కష్టము.

ఫీజునకు వెరచి ఊరకుండువారే ఎక్కువ. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయుదురు. ఇందులకై నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థలలో తెల్లకాగితముపై అర్జీ ఇచ్చినను చాలును. వ్రాయ నేర్వనివారు నోటితో చెప్పినచో అక్కడివారే వ్రాసికొందురు.