నరకం లేకపోతే మంచితనం ఏమవుతుంది?

"దేవుడు లేడంటావు, నరకం లేదంటావు. ఇక తప్పు చేయడానికి అడ్డేముంది?" నాస్తికులకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. మన హాస్టల్లో రాత్రి లైట్లు ఆర్పేశాక సాగే వాదనల్లోనూ తప్పకుండా వస్తుంది. నవ్వి తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు.

ముందు నరకం సంగతి చూద్దాం. భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాల వర్ణన ఉంది. పశువులనూ పక్షులనూ బతికుండగానే వండే క్రూరుణ్ణి కుంభీపాకంలో సలసల కాగే నూనెలో వేస్తారట. ఇందులో జాలి ఉంది, కాదనను. మూగజీవి బాధ ఎవరి మనసుకో తగిలింది కాబట్టే ఆ మాట పుట్టింది. అదే జాబితాలో అసిపత్రవనం అని ఇంకొకటి ఉంది. కత్తుల్లాంటి ఆకులున్న అడవి అది. ఆపదేమీ లేకుండానే వేదమార్గం విడిచినవాణ్ణి కొరడాలతో కొడుతూ అందులో పరుగెత్తిస్తారు. (నాబోటివాడికి సీటు అక్కడే రిజర్వు అయి ఉంటుంది!) వాడు ఎవరికీ హాని చేసి ఉండనక్కర్లేదు. హింసించినవాడికీ మాట విననివాడికీ ఒకే పుస్తకంలో శిక్ష రాశారు. నీతి వేరు, విధేయత వేరు అన్న తేడా అక్కడే చెరిగిపోయింది.

ఈ పాపపుణ్యాల లెక్కలో మనకు సంబంధించిన పేజీ ఒకటుంది. చెడు నడత గలవారు మరుజన్మలో కుక్కగానో, పందిగానో, చండాలుడిగానో పుడతారని ఛాందోగ్యోపనిషత్తు చెబుతుంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం తిని చదువుకున్నవాళ్ళం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. అంటే మన తాతముత్తాతలు ఊరి బయట బతకడం అన్యాయం కాదు, వాళ్ళకు పడిన శిక్ష అన్నమాట. శిక్ష అనుభవిస్తున్నవాడి మీద ఎవరు జాలిపడతారు? జాలి కలగాల్సిన చోట అది కలగకుండా చేసిన సిద్ధాంతం ఇది.

ఇక భయం సంగతి. తనిఖీ అధికారి వస్తున్నాడంటే సాంబారు చిక్కబడే హాస్టళ్ళు ఉంటాయి. మర్నాడు మళ్ళీ నీళ్ళే. భయంతో వచ్చే నీతి అలాంటిది. పైగా తప్పించుకునే దారులూ ఉన్నాయి. హుండీలో వేస్తే సరి, నదిలో మునిగితే సరి. పిల్లల బియ్యం అమ్ముకునేవాణ్ణి "వాడి పాపాన వాడే పోతాడు" అని వదిలేస్తాం చూడండి, నరకం వల్ల వాడికి దక్కే లాభం అదే. ఇక్కడ రాయాల్సిన అర్జీని పై లోకానికి వాయిదా వేస్తున్నాం.

మరి దయ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పసిపాప ఏడుస్తుంటే పక్కనున్న పాప కూడా ఏడుపందుకోవడం తల్లులందరికీ తెలుసు. ఆ పాపకు నరకం గురించి ఎవరూ చెప్పలేదు. రాత్రి జ్వరంతో మూలిగే కుర్రాడికి తన దుప్పటి కప్పేవాడు చిత్రగుప్తుణ్ణి తలుచుకుని కప్పడు. అయితే జాలి ఒక్కటే చాలదు. అది మనవాళ్ళ దాకా వచ్చి ఆగిపోతుంది. తన బిడ్డ కాలికి ముల్లు గుచ్చుకుంటే విలవిల్లాడే మనిషే పక్క పేట పిల్లాడికి వేరే గ్లాసులో టీ పోస్తాడు. ఆ గీత దాటడానికి ఆలోచన కావాలి, సమానత్వం కావాలి. నీతికి దేవుడి ఆమోదం అక్కర్లేదని, మనిషి మనిషిని ప్రేమించాల్సిన అవసరంలోంచే అది పుడుతుందని అంబేద్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో రాశారు.

భక్తుల్లో దయామయులు లేరని నేననను. నాస్తికులంతా మంచివాళ్ళనీ అనను. కానీ నరకభయం లేనివాళ్ళు ఎలా బతికారో చూడటానికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అగ్రవర్ణంలో పుట్టి తన కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి చేశారు.

గోరా కొడుకు లవణం, కోడలు హేమలత బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో పనిచేశారు. హేమలత జాషువా గారి కూతురు. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల్లో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే దొంగ కింద లెక్కగట్టింది. పూర్వజన్మ పాపానికి ఇంగ్లీషు తర్జుమా అనుకోండి! 1952లో చట్టం పోయినా పోలీసుల అనుమానం పోలేదు. ఆ ఇళ్ళకే వీళ్ళిద్దరూ వెళ్ళారు. మీరు పాపులని చెప్పడానికి కాదు, దొంగతనం మాని వేరే పని చేసుకుని బతికే దారి వెతకడానికి.